నీతులు తర్వాత, ముందు గుంటల్ని కూకోబెట్టే నవలివ్వండి

"మా గుంటడు పుస్తకం ముట్టడు బాబూ, ఎప్పుడు చూసినా ఫోనే" అని పలాస బజార్లో ఎవర్ని కదిపినా అంటారు. టెక్కలిలో అదే మాట, సోంపేటలో అదే మాట, కవిటి కొబ్బరి తోటల్లోనూ అదే మాట. ఈ మాట సగమే నిజం. ఆ గుంటడు దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని ప్రతిలిపిలో సీరియల్ చదువుతున్నాడేమో ఓపాలి చూడండి. తరువాయి భాగం రేపంటే రేపటి దాకా ఆగలేడు. 2018లో మన జిల్లా మత్స్యకారులు గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కేరు. 2020 జనవరిలో ఇళ్లకి చేరేరు. ఆ సంగతి ఆధారంగా 2025 ఫిబ్రవరిలో 'తండేల్' సినిమా వస్తే మన పల్లెల్లో దాని గురించి మాటాడుకోనోళ్లు తక్కువ. అంటే కథ మీద ఆకలి చావలేదు. మనం వడ్డిస్తున్న పుస్తకం మీదే ఆకలి చచ్చింది.

మరి మనం వడ్డిస్తున్నదేటి? బడి బీరువా తాళం తీస్తే కనిపించేవి ఇవే: నీతి కథలు, దేశ నాయకుల జీవితాలు, జనరల్ నాలెడ్జి, వ్యక్తిత్వ వికాసం. అవి చెడ్డవని కాదు. పద్నాలుగేళ్లొచ్చిన గుంటడికి కుందేలు, తాబేలు కథ చెప్తే నవ్వుతాడు. "గెలవాలంటే పది సూత్రాలు" అని ఇస్తే ఆవలిస్తాడు. వాడికి లోపల వేరే ప్రశ్నలు తిరుగుతున్నాయి. నాన్న ఎందుకలా తాగుతున్నాడు? చదువు ఆపీమంటే ఏటి చెయ్యాలి? మన ఊరు దాటితే నన్నెవరు లెక్క చేస్తారు? ఈ ప్రశ్నలకి నీతి కథలో జవాబుండదు. నవలలో కూడా జవాబుండకపోవచ్చు. కానీ అదే ప్రశ్నతో కొట్టుకుంటున్న ఇంకో మనిషి ఉంటాడు. ఆ మనిషి ఏటవుతాడో తెలిసే దాకా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఇంగ్లీషులో పన్నెండేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసమే నవలల అర విడిగా ఉంటుంది. తెలుగులో ఆ అర దాదాపు లేదు. ఇటు బాలసాహిత్యం, అటు పెద్దల నవల. 'చందమామ' వయసు దాటిన పిల్లలు పెద్దల నవల దాకా ఎక్కడానికి మధ్యలో మెట్టు లేదు. కాబట్టి మనమే ఏరి, ఒక మెట్టు కట్టాలి. ఈ వ్యాసం పని అదే.

ఉద్దానంలో ఇది ఎందుకంత అవసరం

మన దగ్గర పదో తరగతి ఒక గుమ్మం లాంటిది. అది దాటగానే కొందరు కాలేజీకెళ్తారు. కొందరు వీరావల్ బోట్లెక్కుతారు. కొందరు చెన్నై, హైదరాబాదుల్లో కట్టడం పనులకెళ్లిపోతారు. ఆడపిల్లలైతే తల్లి వెనకాల జీడి పిక్కల పనికి, లేకపోతే పెళ్లి పీటల మీదికి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో లెక్క తీస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయిపోయింది. పదమూడు నుంచి పదహారేళ్ల లోపల చదివే అలవాటు అంటుకుంటే అది బ్యాగులో పడి మనిషితో పాటు వెళ్తుంది. అంటుకోకపోతే తర్వాత అంటుకోవడం కష్టం.

కిడ్నీ జబ్బున్న ఇళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యేయి. మంచిదే. డయాలసిస్ అంటే ఒక్కో దఫా నాలుగ్గంటల పని. తండ్రిని మంచం మీద పడుకోబెట్టి బయట వరండాలో కూర్చున్న పిల్ల ఆ నాలుగ్గంటలూ ఏం చేస్తుంది? ఫోన్లో రీల్సు తోస్తుంది. ఆ చేతిలో ఒక మంచి నవలుంటే నాలుగ్గంటలు నలభై నిమిషాల్లా గడుస్తాయి. నవల జబ్బు నయం చెయ్యదు. ఆ వరండాలో ఒంటరితనం తగ్గిస్తుంది. అది తక్కువా?

పట్టి కూర్చోబెట్టేదేటి?

చేతికి చిక్కిన నవలల్లా ఇస్తే పని జరగదు. చదివించే నవలకి నాలుగు గుర్తులుంటాయి.

మొదటిది, కథలో నడిచే మనిషి చదివేవాడి ఈడువాడైనా కావాలి, లేదా వాడికి వెంటనే అర్థమయ్యే కష్టంలోనైనా ఉండాలి. రెండోది, మొదటి పది పేజీల్లో ఒక ప్రశ్న పుట్టాలి. ఎవరొచ్చేరు, ఏది పోయింది, ఇప్పుడేటవుతాది అని. మూడోది, ఆ మనిషి తానే ఒక నిర్ణయం తీసుకోవాలి, దానికి ఖరీదు కట్టాలి. పెద్దోళ్లొచ్చి అన్నీ చక్కబెట్టీసే కథ పిల్లలకి నచ్చదు. నాలుగోది, అధ్యాయం ఆగే చోట ముడి ఉండాలి. వల లాగుతున్నప్పుడు బరువు తగిలినట్టు ఉండాలి. లోపలేముందో చూడకుండా ఎవరు వదుల్తారు?

ఈ నాలుగు గుర్తులూ పెట్టుకుని వయసు వారీగా కొన్ని చెప్తాను.

పదకొండు, పన్నెండేళ్లు: ముందు పరుగు నేర్పండి

ఈ వయసుకి దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు. 1954లో 'తోకచుక్క'తో మొదలెట్టి 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' ఇలగ ఏళ్ల తరబడి చందమామలో రాసేరు. తర్వాత పుస్తకాలుగా వచ్చేయి. మాంత్రికులు, అడవులు, కోటలు, తప్పించుకోవడాలు. నెలకోసారి వచ్చే పత్రిక కోసం రాసినవి కాబట్టి ప్రతి భాగం చివర ముడి ఉంటుంది. అక్షరాల వెంట కళ్లు పరిగెట్టడం వీటితో అలవాటవుతుంది.

ఆ తర్వాత నండూరి రామమోహనరావు గారి అనువాదాలు. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్'ని ఆయన 'కాంచన ద్వీపం'గా తెలుగు చేసేరు. జిమ్ అనే కుర్రాడు ఓడలో ఆపిల్ పీపాలో దూరి ఉండగా, బయట నావికులు తిరుగుబాటు కుట్ర మాటాడుకోవడం వింటాడు. బయటికొస్తే చంపీస్తారు. రాకపోతే ఓడంతా పోతుంది. బోటెక్కిన తండ్రుల పిల్లలకి ఈ పీపా వాసన వేరే చెప్పాలా? ఆయనే తెలుగు చేసిన మార్క్ ట్వైన్ 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్' కూడా ఇవ్వండి. హక్ తండ్రి తాగుబోతు, కొడతాడు. హక్ పారిపోయి, తప్పించుకున్న బానిసతో కలిసి తెప్ప మీద నది వెంట పోతాడు. చట్టం ప్రకారం ఆ బానిసని పట్టివ్వాలి, మనసు ఒప్పుకోదు. సారా కొట్టు పక్కన పెరిగిన పిల్లలకి హక్ పరాయివాడు కాడు.

పదమూడు, పద్నాలుగు: బడి విలువ బడిలో కాదు, కథలో తెలుస్తుంది

చింగీజ్ ఐత్మాతోవ్ 'తొలి ఉపాధ్యాయుడు'. వంద పేజీల లోపే. సోవియట్ రోజుల్లో తెలుగులోకి వచ్చింది. కిర్గిజ్ కొండల్లో ఒక పల్లె. పెద్దగా చదువుకోని ఒక కుర్రాడు గుర్రాలశాలని బాగుచేసి బడి పెడతాడు. గడ్డకట్టే ఏటిని పిల్లలు దాటలేకపోతే వీపు మీద మోసుకెళ్తాడు. ఆ బడిలో అల్తినాయ్ అనే అనాథ పిల్ల చదువుకుంటుంది. పదిహేనేళ్లకే ఆమెని ఒక పెద్దాయనకి కట్టబెట్టడానికి పినతల్లి బేరం పెడుతుంది. ఆ తర్వాత ఏటయిందో నేను చెప్పను, పుస్తకం చెప్తుంది. పైన రాసిన 29.3 శాతం లెక్కని వంద మీటింగుల్లో చెప్పినా ఎక్కనిది, ఈ వంద పేజీల్లో ఎక్కుతుంది. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ ఇది ముందు ఇవ్వాలి.

నవలంటే భయపడే గుంటడుంటే కథతో మొదలెట్టండి. చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' కొన్ని పేజీలే. తండ్రికి చుట్టలు తేవడానికెళ్తూ, తాను మానేసిన బడి దారిలో నడవాల్సొచ్చిన కుర్రాడి కథ. ఫీజు కట్టలేక సిగ్గుపడ్డ ప్రతి పిల్లడూ అందులో ఉన్నాడు.

పదిహేను దాటేక: మన యాసలో మన రాజ్యం

సినిమాల్లో శ్రీకాకుళం యాస అంటే చాలాకాలం నవ్వించడానికే. అందుకే మన గుంటడు హైదరాబాదు హాస్టల్లో అడుగుపెట్టిన మర్నాడే "ఏటి" మానీసి "ఏంటి" అంటాడు. వాడి నాలిక్కి ధైర్యం ఇచ్చే పుస్తకాలు కావాలి.

కె.ఎన్.వై. పతంజలి విజయనగరం జిల్లా అలమండ మనిషి, 1952లో పుట్టి 2009లో పోయేరు. 'వీరబొబ్బిలి' అని ఒక చిన్న నవల రాసేరు. వీరబొబ్బిలంటే కుక్క. దివాణంలో కుక్క. దాని దర్పం చూస్తే రాజుల దర్పం దిగదుడుపు. 'గోపాత్రుడు'లో భూమి బల్లపరుపుగా ఉందా, గుండ్రంగా ఉందా అని ఊళ్లో తగువు లేస్తుంది. తగువు ముదిరి కొట్లాటైపోతుంది. దాని తరువాయి 'పిలక తిరుగుడు పువ్వు'లో కోర్టుకెక్కుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో రోజూ జరిగేది ఇదే కదా! క్లాసులో ఒకడు పైకి చదివితే మిగిలినోళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వు ఆగేక ఆలోచనలో పడతారు. మన మాటలో ఇంత గొప్ప పుస్తకం రాయొచ్చా అని ఒక్కడికి అనిపించినా చాలు.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'ది చిత్తూరు వైపు మాట. ఒక ముసలాయన పంది సాయంత్రానికి ఇంటికి రాలేదు. చూలు పంది. వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. సాయంత్రం మొదలై మర్నాడు పొద్దుటికి అయిపోయే కథ. చీకటి, నక్కలు, చేతిలో బల్లెం. సినిమాల్లో కూడా ఇంత ఉత్కంఠ తక్కువ. పందుల్ని కాసుకునే మనిషిని వీరుణ్ని చేసిన నవల ఇది. బడిలో కులం పేరెట్టి ఏడిపించే గుంటడి చేతికి మరీ ముందివ్వాలి.

'ఏడు తరాలు' అలెక్స్ హేలీ 'రూట్స్'కి తెలుగు. సహవాసి అనువదించేరు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలో పదిహేడేళ్ల కుంటా కింటే ఢోలు చెయ్యడానికి కర్ర కోసమని అడవికెళ్తాడు. అక్కడ పట్టుకుని ఓడలోకి ఎక్కించీస్తారు. ఏడు తరాల దాకా కథ. ఊరు వదిలి పనికెళ్లే ప్రాంతంలో "మనం ఎక్కణ్ణుంచి వచ్చేం" అన్న ప్రశ్న ఎంత బరువో ఈ పుస్తకం చెప్తుంది. ఓడలో బాధలు గట్టిగా ఉంటాయి. పదిహేనేళ్ల లోపు వాళ్లకి వద్దు.

పదహారు, పదిహేడుకి డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. 1957–58లో తెలుగు స్వతంత్రలో వచ్చింది. విశాఖలో మేడ మీద గదులు అద్దెకి తీసుకుని బతికే కుర్రవాళ్లు, ఆడపిల్లలు. తాగుబోతు తండ్రిని పోషిస్తూ ఉద్యోగం చేసే ఇందిర ఎవరికీ లొంగదు. ఆమె మంచిదా, చెడ్డదా అని కాలేజీ పిల్లలు ఇవాళ్టికీ కొట్లాడుకోవచ్చు. విశాఖలో ఇంటర్‌కి గది తీసుకున్న మన పిల్లలకి ఇది పక్కింటి కథలాగుంటాది.

ఏది పడితే అదివ్వొద్దు, కాని కాపలా కాయొద్దు

షాడో పుస్తకాలు, డిటెక్టివ్ యుగంధర్ దొరికితే చదవనీండి. ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో మధుబాబు, కొమ్మూరి సాంబశివరావు ఎంతమందికి చదువు అంటించేరో లెక్క లేదు. పరుగు నేర్చుకున్నోడు తర్వాత దారి తానే వెతుక్కుంటాడు.

జాగ్రత్త ఒక్కచోట చాలు. యండమూరి 'తులసిదళం' లాంటివి చేతబడి చుట్టూ తిరుగుతాయి. చదువుతుంటే వదలబుద్ధి కాదు, నిజమే. కానీ చిల్లంగి పెట్టేరని అనుమానంతో మనిషి మీదికి జనం పోయే ప్రాంతాల్లో బతుకుతున్నాం. చదివేక పక్కన కూర్చుని "ఇది కథ, చిల్లంగి లేదు" అని మాటాడేవాళ్లుండాలి. లాక్కుంటే దొంగతనంగా చదువుతారు. మాటాడితే తెలివొస్తుంది.

ఇచ్ఛాపురం, మందస వైపు ఇంట్లో ఒడియా మాటాడే పిల్లలున్నారు. కొండ మీద సవర పిల్లలున్నారు. వాళ్లకి తెలుగు రెండో భాష. మూడొందల పేజీలు ముందే ఇచ్చి "చదవలేడు" అని తేల్చీకండి. చిన్న పుస్తకం, పక్కన పైకి చదివే మనిషి. అలాగ మొదలెట్టాలి. సవర పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పాలని నూరేళ్ల కిందటే గిడుగు రామమూర్తి పాటుపడ్డ జిల్లా ఇది.

ఎక్కడ దొరుకుతాయి, ఎలగ ఇవ్వాలి

డబ్బుల్లేవు అనే మాట ముందొస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే శాఖా గ్రంథాలయంలో పుస్తకాలకి మీరు ముందే డబ్బు కట్టేరు. అక్కడ పోటీ పరీక్షల పుస్తకాలు, దినపత్రికలే ఉంటే పైన చెప్పిన పేర్లు ఒక కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి. అడగడం హక్కు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు. ఆ వారంలో అడిగితే ఇంకా బాగా వినిపిస్తాది.

బడిలో ఉన్న బీరువా తాళం కూడా తీయించాలి. 2020లో ప్రభుత్వమే 'చదవడం మాకిష్టం' అని కార్యక్రమం పెట్టింది. పేరు బాగుంది. ఇష్టం పుట్టాలంటే పుస్తకం ఇంటికి వెళ్లాలి. చిరిగితే చిరిగింది, చిరిగిన పుస్తకం చదివిన పుస్తకం. కొత్త పుస్తకాలు కొనాలంటే మంచి పుస్తకం, పీకాక్ క్లాసిక్స్, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణకర్తలున్నారు. చాలావరకు పిజ్జా కన్నా తక్కువ ధరే. ఫోన్లోనే చదువుతామంటే అదీ ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం తన వెబ్‌సైటులో వేల కథలు పెట్టింది. ఒకసారి పిల్లల్ని బస్సెక్కించి ఆ ఇంటికి తీసుకెళ్లండి. మాస్టారు మురపాకలో పుట్టి, బడిపంతులుగా బతికి, కథలకి ఇల్లు కట్టేరు. అది చూస్తే పుస్తకం అంటే పరీక్ష కాదని తెలుస్తుంది.

ఇచ్చే పద్ధతి కూడా చెప్తాను. మొదటి అధ్యాయం పైకి చదవండి, ముడి దగ్గర ఆపీండి, పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోండి. "నీతి ఏమిటి, సారాంశం రాయి" అని అడక్కండి. అడిగిన రోజు నవల టెక్స్ట్‌బుక్కైపోతుంది. ముప్ఫై పేజీలు చదివి నచ్చలేదంటే మార్చుకోనీండి. ఆడపిల్ల చదువుతుంటే "ఆ నీళ్లు పట్టు, ఈ గిన్నెలు తోము" అని లేపకండి. అన్నయ్యని లేపినప్పుడే చెల్లినీ లేపండి.

మన నవల ఎవరు రాస్తారు?

1960ల్లో అమెరికాలో టల్సా అనే ఊళ్లో ఎస్.ఇ. హింటన్ అనే హైస్కూలు పిల్ల, తన ఊరి కుర్రాళ్ల బతుకు ఏ పుస్తకంలోనూ లేదని తానే రాయడం మొదలెట్టింది. 1967లో 'ది ఔట్‌సైడర్స్' అచ్చయ్యేటప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు. టీనేజి పిల్లల నవలలకి ఒక అర ఏర్పడ్డానికి ఆ పుస్తకం పెద్ద కారణం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన మీద పడ్డప్పుడు ఆరేడేళ్లున్న పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. తాతలు నాటిన కొబ్బరి చెట్లు ఒక్క పూటలో నేలకూలడం వాళ్లు చూసేరు. సోంపేట బీల కోసం 2010లో, కాకరాపల్లి తంపర కోసం 2011లో జనం తుపాకులకి ఎదురు నిలబడ్డం ఇళ్లల్లో విన్నారు. తేలినీలాపురం చింతచెట్ల మీద ఏటా దిగే కొంగలు, నౌపడ ఉప్పు మళ్లు, డయాలసిస్ వరండా, వీరావల్ నుంచి రాని ఫోను. వీటిలో ఏది తీసుకున్నా మొదటి పది పేజీల్లోనే ప్రశ్న పుడుతుంది. తానా వాళ్లు, మంచి పుస్తకం వాళ్లు కలిసి పిల్లల నవలలకి పోటీలు పెట్టేరు కూడా. రాసేవాళ్లకి దారి లేదనడానికి లేదు.

రాయాలంటే ముందు చదవాలి. చదవాలంటే ముందు ఒక పుస్తకం వాడి చేతిలో నిద్ర పట్టనివ్వకుండా చెయ్యాలి. ఈ ఆదివారం ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పద్నాలుగేళ్ల గుంటో గుంటడో ఉంటారు. పైన చెప్పిన వాటిలో ఒక్కటి తెచ్చి, మొదటి నాలుగు పేజీలు పైకి చదివి వినిపించండి. ఐదో పేజీ వాళ్లే తిప్పుతారు.